నాన్నకి జ్వరం, క్రియాటినిన్ 1.9. మూడో సూది వేయించాలా వద్దా?

ఉద్దానం కుర్రాడు
ఆదివారం రాత్రి 9:20

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వజ్రపుకొత్తూరు మండలం. నేను విశాఖలో ఉద్యోగం చేస్తాను. నాన్నకి జ్వరం అని అమ్మ ఫోన్ చేస్తే శనివారం పొద్దున్నకి ఊళ్లో దిగాను.

నాన్నకి 61 ఏళ్లు. రెండేళ్ల క్రితం రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే అంకె, పెరిగితే కిడ్నీ దెబ్బతిన్నట్టు) 1.9 అని తేలింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు వింతేం కాదు, ఇంటింటికీ ఒకరున్నారు. బీపీ మాత్రలు వేసుకుంటూ బాగానే తిరుగుతున్నారు. మొన్న మంగళవారం సిరిమాను జాతర చూడ్డానికి విజయనగరం అక్కావాళ్లింటికి వెళ్లి బుధవారం తిరిగొచ్చారు. గురువారం మధ్యాహ్నం దాకా జీడితోటలో ఉన్న మనిషి, సాయంత్రానికి దుప్పటి కప్పుకుని మంచమెక్కారు. వణుకు, ఒళ్లంతా నొప్పులు, పొడి దగ్గు. థర్మామీటరు పెడితే 102.6.

శుక్రవారం ఊళ్లో ఆర్‌ఎంపీ గారు సూది వేశారు. అరగంటకి చెమటలు పట్టి జ్వరం దిగింది, లేచి టీ తాగారట. రాత్రి పదికి మళ్లీ మొదలు. శనివారం ఇంకో సూది, మళ్లీ అదే కథ. రేపు పొద్దున్న మూడోది వేయిద్దామని అమ్మ. "సూది పడితేనే కదా మనిషి లేస్తున్నాడు" అంటోంది.

నాకెందుకో అనుమానం వచ్చి చెత్తబుట్ట వెతికాను. రెండు చిన్న గాజు సీసాలు దొరికాయి. దీపం కింద పెట్టి చూస్తే డైక్లోఫెనాక్ అని ఉంది. మంచం పక్కన ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిపిన మాత్రలు, అజిత్రోమైసిన్ 500 మూడు. ఇవన్నీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి వాడొచ్చా? అసలిది మామూలు ఫ్లూనేనా?

మందులషాపు మావయ్య
ఆదివారం రాత్రి 9:41

బాబూ, ముందు ఆ మూడో సూది ఆపు. ఆ మాత్రలు కూడా పక్కన పెట్టు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

సోంపేట వైపు ఇరవై రెండేళ్లుగా షాపు నడుపుతున్నాను. జ్వరం అని వచ్చి "నొప్పుల మాత్ర కూడా కలిపివ్వు" అని అడగని మనిషి లేడు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అన్నీ ఒక తానులో ముక్కలే. కిడ్నీలోకి రక్తం తీసుకెళ్లే సన్న నాళాన్ని తెరిచి ఉంచే పదార్థం ఒకటి ఒంట్లో తయారవుతుంది. ఈ మందులు దాన్ని తగ్గించేస్తాయి. బాగున్న కిడ్నీ రెండు రోజులు ఓర్చుకుంటుంది. ముందే దెబ్బతిన్నది, పైగా జ్వరంలో తిండీ నీళ్లూ సరిగ్గా పడక ఒళ్లు ఎండిపోయి ఉంటే ఓర్చుకోలేదు.

నాన్నగారికి ఉత్త పారాసెటమాల్ చాలు. 500 గానీ 650 గానీ, ఆరు గంటల ఎడంతో, రోజుకి నాలుగు దాటకుండా. అట్ట మీద పారాసెటమాల్ అని పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది, దాని ముందో వెనకో ఇంకో పేరు ఉందేమో చూడు. ఉంటే అది ఉత్త పారాసెటమాల్ కాదు. మా షాపులో ఈ ఒక్క విషయం చెప్పడానికే నా గొంతు పోతుంది.

రాత్రి డ్యూటీ
ఆదివారం రాత్రి 10:15

స్టాఫ్ నర్సుని, శ్రీకాకుళంలో పని. మావయ్యగారు చెప్పింది వంద శాతం నిజం. నేను కొన్ని అడుగుతాను, చూసి చెప్పండి తమ్ముడూ.

పొద్దుట్నుంచి మూత్రం ఎన్నిసార్లు వెళ్లారు? రంగు ఎలా ఉంది? కాళ్లు, కళ్ల కింద వాపు ఉందా? ఊపిరి తీసుకుంటుంటే ఆయాసపడుతున్నారా? మాట తడబడటం, మగతగా పడి ఉండటం ఉందా? బీపీకి ఏం మాత్రలు వేస్తున్నారు? కొన్ని బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు ఇలా నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి అదనపు భారం. మీరు సొంతంగా ఆపకండి, రేపు డాక్టరుగారికి ఆ అట్ట చూపించి అడగండి.

రేపు అన్నాను కదా. తెల్లారగానే తీసుకెళ్లండి, "ఇంకో రోజు చూద్దాం" వద్దు. 61 ఏళ్లు, కిడ్నీ సమస్య, మూడు రోజులుగా 102. ఇంత వివరం ఉన్నాక ఇంట్లో ఉంచుకునే జ్వరం కాదిది. రాత్రి ఆయాసం వచ్చినా, మనిషి సరిగ్గా పలక్కపోయినా తెల్లారేదాకా ఆగకుండా 108కి కొట్టండి.

ఉన్నట్టుండి మొదలవడం, ఒళ్లునొప్పులు, పొడి దగ్గు, జనంలో తిరిగొచ్చిన రెండు రోజులకే రావడం చూస్తే ఫ్లూకి దగ్గరగానే ఉంది. వైరస్ లోపలికి వెళ్లాక ఒకటి నుంచి నాలుగు రోజుల్లో బయటపడుతుంది. కానీ ఈ కాలంలో మన జిల్లాలో డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్ కూడా ఇలాగే మొదలవుతాయి. ఫోన్లో చూసి తేల్చేది కాదు. డెంగీ అనుమానం ఉన్నంత కాలం కూడా ఆ నొప్పి సూదులు పనికిరావు, రక్తస్రావం పెరుగుతుంది.

నాగావళి గట్టు
ఆదివారం రాత్రి 10:32

ప్రతిదానికీ ఆసుపత్రి అంటారు. మా తాత ఎనభై ఏడేళ్లు బతికాడు, జ్వరం వస్తే మిరియాల కషాయం, లంఖణం, అంతే. ఫ్లూ అంటే పూర్వం రొంప పడిశమే కదా. టీవీ వాళ్లు పేరు మార్చి భయపెడుతున్నారు.

రాత్రి డ్యూటీ
ఆదివారం రాత్రి 10:50

నాగావళి గారూ, కషాయం మీద నాకే కోపం లేదు, మా ఇంట్లోనూ కాస్తాం. గొంతుకి హాయిగా ఉంటుంది, ఏదో ఒక రూపంలో నీళ్లు లోపలికి వెళ్తాయి. లంఖణం మాత్రం వద్దు. జావో, గంజో, చోడి (రాగి) అంబలో ఏది దిగితే అది పట్టించాలి.

రొంప, ఫ్లూ ఒకటి కాదు. రొంపకి రెండు వందలకు పైగా వైరస్‌లున్నాయి, ముక్కు కారి వారంలో పోతుంది. ఫ్లూ అంటే ఇన్‌ఫ్లుయెంజా ఏ, బీ రకాలు. 2009లో ప్రపంచమంతా తిరిగిన స్వైన్ ఫ్లూ, ఆ హెచ్1ఎన్1, ఇప్పుడు ఏటా వచ్చే ఫ్లూలో కలిసిపోయింది. ఎక్కువమందికి నాలుగైదు రోజుల్లో తగ్గుతుంది, దగ్గు రెండు వారాలు లాగుతుంది. పెద్దవాళ్లు, గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, షుగరు, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి అలా తగ్గుతుందని నమ్మకం లేదు. నిమోనియాలోకి దిగుతుంది.

ఆవిరి గురించి ఎవరో అడిగేలోపు నేనే చెప్పేస్తాను. మరుగుతున్న గిన్నె మీద దుప్పటి కప్పి పిల్లల్ని కూర్చోబెట్టకండి. చలికాలంలో తొడలు కాలిపోయిన పిల్లల్ని మేం చూస్తాం.

చీపురుపల్లి చిన్నమ్మ
ఆదివారం రాత్రి 11:05

స్క్రబ్ టైఫస్ పేరు ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. పోయిన ఏడాది మా మరిదికి తొమ్మిది రోజులు జ్వరం. ముందు విడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు, సూదులు ఐదు రోజులు. తగ్గలేదు. ప్లేట్‌లెట్లు పడితే డెంగీ అన్నారు. చివరికి విజయనగరంలో ఒక కుర్ర డాక్టరమ్మ పంచె వదులు చేయించి మొలతాడు కింద చూసింది. మినపగింజంత నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రగా, సిగరెట్టుతో చురక పెట్టినట్టు. నొప్పీ లేదు, దురదా లేదు, అందుకే ఆయనకే తెలీదు. "గడ్డి కోస్తారా?" అని అడిగింది. పశువులకి రోజూ కోస్తాడు. డాక్సీసైక్లిన్ మొదలెట్టిన రెండో రోజుకి జ్వరం దిగిపోయింది.

గడ్డిలో, పొదల్లో ఉండే పురుగు కుడితే వస్తుందట, కంటికి కనపడనంత చిన్నది. తోట పని అంటున్నారు కదా బాబూ, చంకలు, గజ్జలు, నడుము మడతలు, చెవి వెనక, అన్నీ చూడండి. సిగ్గుపడితే కుదరదు.

ఉద్దానం కుర్రాడు
ఆదివారం రాత్రి 11:48

ఇప్పుడే ఫోన్ టార్చి వేసి ఒళ్లంతా చూశాను. "ఏటిరా ఇది, పశువుల సంతలో గిత్తని చూసినట్టు" అని తిట్టారు నాన్న. నల్ల పెచ్చు ఎక్కడా లేదు. మాట స్పష్టంగానే ఉందనుకోండి, తిట్టే ఓపిక ఉంది.

మూత్రం పొద్దుట్నుంచి రెండుసార్లే, ముదురు పసుపు. కాళ్లకి కొంచెం వాపు, వేలితో నొక్కితే గుంట పడుతోంది. ఆయాసం లేదు. రేపు పొద్దున్న ఆరింటికి ఆటో చెప్పాను.

ఇంకో మాట. చుట్టాలు పలకరింపుకి వచ్చి కొబ్బరి బొండాలు ఇచ్చి వెళ్లారు, మా వైపు ఎవరికి ఒంట్లో బాగోకపోయినా అదే. పొద్దుట్నుంచి నాలుగు తాగారు. నీళ్లు తగ్గాయంటున్నారు కదా, ఇంకా ఇవ్వనా?

రాత్రి డ్యూటీ
ఆదివారం రాత్రి 11:56

వద్దు! కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. మూత్రం తగ్గిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. రక్తంలో పేరుకుంటే గుండె కొట్టుకోవడం మీద పడుతుంది. ఈ రాత్రికి దాహం వేసినంత మంచినీళ్లు, పల్చటి జావ. పండ్ల రసాలూ వద్దు. ఓఆర్‌ఎస్‌లోనూ పొటాషియం ఉంటుంది, అది డాక్టరు చెప్పాకే. బొండాలు తాగిన సంగతి రేపు అక్కడ తప్పకుండా చెప్పండి.

మందులషాపు మావయ్య
సోమవారం ఉదయం 6:10

బయల్దేరారా? ఆ రెండు గాజు సీసాలు, మాత్రల అట్టలు, పాత రిపోర్టులు ఒక సంచిలో వేసుకెళ్లు. "ఏదో సూది వేశారండీ" అంటే డాక్టరుకి ఏం తెలుస్తుంది?

పల్లె వైద్యుడు
సోమవారం ఉదయం 8:30

అందరూ మా మీద పడుతున్నారు కాబట్టి ఒక మాట. నేనూ ఆర్‌ఎంపీనే, ఊరు చెప్పను. రాత్రి రెండింటికి తలుపు కొడితే వెళ్లేది మేమే. పారాసెటమాల్ ఇచ్చి "నీళ్లు తాగు, మూడు రోజులు పడుకో" అంటే "ఈ మాత్రం మాకు తెలీదా" అని పక్క ఊరి ఆయన దగ్గరికి పోతారు. రేపు కూలికి వెళ్లాలి, ఇవాళే లేవాలి. సూది వేయకపోతే మేం వైద్యులమే కాదు వాళ్ల దృష్టిలో. అయినా కిడ్నీ ఉందని చెబితే నేను డైక్లో ముట్టుకోను. చెప్పరు. అడిగినా "అంతా బాగానే ఉంది" అంటారు.

మందులషాపు మావయ్య
సోమవారం ఉదయం 9:02

మీరన్నదాంట్లో నిజం ఉంది, మా షాపు దగ్గరా అదే గొడవ. కానీ మన ప్రాంతంలో చెప్పకపోయినా ఉందనుకునే మొదలుపెట్టాలి. కవిటి, కంచిలి, మందస, ఎటు చూసినా ఇదే. కారణం ఏమిటో ఇన్నేళ్ల పరిశోధనలోనూ పూర్తిగా తేలలేదు. కారణం తెలీనప్పుడు తెలిసిన విషాన్నైనా దూరం పెట్టాలి కదా.

అజిత్రో సంగతి కూడా చెప్పండి మీ వాళ్లకి. అట్ట మీద ఎర్రగీత ఉన్నవి చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఫ్లూ వైరస్‌ మీద యాంటీబయాటిక్ ఏమీ చెయ్యదు. మూడు మాత్రలు మింగేసరికి మూడు రోజులు గడుస్తాయి, ఫ్లూ దానంతటదే దిగుతుంది, పేరు మాత్రకి పోతుంది.

పూల్‌బాగ్ అమ్మ
సోమవారం మధ్యాహ్నం 1:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. సిరిమాను తర్వాత మా వీధంతా దగ్గులే. మా పాపకి మూడేళ్లు, 12 కిలోలు. రాత్రి 101 ఉంటే పారాసెటమాల్ సిరప్ 7 మిల్లీలీటర్లు వేశాను, ఎప్పుడూ అంతే వేస్తాను. ఇవాళ చూస్తే సీసా వేరే, 250 అని ఉంది. పాతది 125. టెన్షన్‌గా ఉంది. దగ్గు సిరప్ కూడా పక్కింటావిడ ఇచ్చింది, వేయాలా?

మందులషాపు మావయ్య
సోమవారం మధ్యాహ్నం 1:40

భయపడకమ్మా, ఒక్కసారికి ఏం కాదు. మళ్లీ మళ్లీ అలా పడితే కాలేయానికి ప్రమాదం. లెక్క ఇది: కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 12 కిలోలకి 120 నుంచి 180. సీసా మీద 125 అంటే 5 మిల్లీలీటర్లలో 125 ఉందని, కాబట్టి 5 నుంచి 7 వేయొచ్చు. 250 అయితే రెండున్నర నుంచి మూడున్నర. నువ్వు వేసింది ఇంచుమించు రెండింతలు. ఇకమీదట ఆరు గంటల ఎడం, రోజుకి నాలుగుసార్లు మించకుండా. చెంచాతో కాదు, సీసాతో వచ్చిన కొలత మూతతో. పాప హుషారుగా ఆడుతుంటే 100కి, 101కి మందే అక్కర్లేదు.

దగ్గు సిరప్ తిరిగిచ్చెయ్యి. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు, అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం బయటపడింది. ఆ తర్వాత రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు వద్దనీ, ఐదేళ్లలోపు వాళ్లకి మామూలుగా అక్కర్లేదనీ కేంద్రమే చెప్పింది. ఏడాది దాటిన పిల్లలకి పడుకునే ముందు అర చెంచా తేనె చాలు. ఏడాదిలోపు వాళ్లకి తేనె ఇవ్వకూడదు.

రాత్రి డ్యూటీ
సోమవారం మధ్యాహ్నం 2:20

పాప చొక్కా తీసి, ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషంపాటు ఊపిర్లు లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్ల వయసులో నిమిషానికి 40 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, డొక్కలు లోపలికి లాక్కుంటుంటే, తాగకుండా మగతగా ఉంటే వెంటనే ఆసుపత్రి. ఆస్పిరిన్ వద్దు. నిమెసులైడ్ అనే జ్వరం, నొప్పుల మందుని పన్నెండేళ్లలోపు పిల్లలకి మన దేశంలో 2011లోనే నిషేధించారు, ఇంట్లో పాత సీసాలుంటే పారేయండి.

టెక్కలి మాస్టారు
సోమవారం సాయంత్రం 5:45

హాస్టలున్న బడిలో పనిచేస్తాను. పోయిన నెలలో ఒక్క వారంలో డెబ్బైమందికి జ్వరం. మొదట ఇద్దరు దగ్గుతూ వచ్చారు, ఇళ్లకి పంపలేదు, పరీక్షలున్నాయని. నాలుగో రోజుకి ఒక గది మొత్తం పడుకుంది. అప్పుడు చేసింది చెప్తాను, ముందే చేయాల్సింది.

జ్వరం ఉన్నవాళ్లకి వేరే గది, జ్వరం దిగాక కూడా ఒక రోజు ఆగి క్లాసుకి. పడకలు ఒకరి తల దగ్గర ఇంకొకరి కాళ్లు వచ్చేలా తిప్పాం. చలిగాలి వస్తుందని మూసేసిన కిటికీలు తెరిపించాం, దీనికే ఎక్కువ గొడవైంది. కుండ దగ్గర ఒకే గ్లాసు గొలుసుకట్టి ఉండేది, తీసేశాం. చేతులు కడుక్కోమని ఏళ్లుగా చెప్తున్నాం, కుళాయి దగ్గర సబ్బే లేదని ఆరోజు చూశాను. పాత సాక్సులో సబ్బుబిళ్ల వేసి కుళాయికి కట్టాం, అప్పట్నుంచి ఎవరూ ఎత్తుకుపోలేదు. 2023లో కళ్లకలక వచ్చినప్పుడే ఈ తువ్వాళ్లు, దిండ్లు వేరు చేసుంటే బాగుండేది. బడి ఏ జబ్బునీ గుర్తుపెట్టుకోదు.

చీపురుపల్లి చిన్నమ్మ
సోమవారం సాయంత్రం 6:30

సబ్బు అంటే గుర్తొచ్చింది, 2024 అక్టోబరులో మా పక్కనే గుర్లలో విరేచనాలు ఎలా పాకాయో చూశాం. నీళ్లు కాచి తాగడం అప్పుడు అలవాటైంది, ఇప్పటికీ మానలేదు. పిల్లలకి విరేచనాలైతే షాపులో ఓఆర్‌ఎస్ అడిగి తీపి రసం డబ్బా తెచ్చుకోకండి. హైదరాబాద్ డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడితే 2025లో ఆ డబ్బాల మీద ఆ పేరు వాడకూడదన్నారు. లీటరు పొట్లమైతే లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో చిటికెడు వేస్తే పనిచేయదు.

ఉద్దానం కుర్రాడు
సోమవారం రాత్రి 8:55

ఆసుపత్రిలోనే ఉన్నాం. ముక్కులో పుల్ల పెట్టి తీశారు, ఇన్‌ఫ్లుయెంజా ఏ అని వచ్చింది. మలేరియా, డెంగీ లేవు. క్రియాటినిన్ 2.6. పొటాషియం కూడా అంచు మీద ఉందట. డాక్టరు గారు ఆ గాజు సీసాలు చేతిలోకి తీసుకుని ఏమీ అనలేదు, నాన్న ఫైలు మీద ఎర్ర పెన్నుతో రాశారు. ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు మొదలెట్టారు, కిడ్నీని బట్టి డోసు తగ్గించి. మొదటి 48 గంటల్లో అయితే ఎక్కువ పనిచేసేదట, ఇలాంటి వాళ్లకి ఆలస్యమైనా ఇస్తారట. ఒక బీపీ మాత్ర తాత్కాలికంగా ఆపారు.

అక్క ఫోన్ చేసింది. మా మేనల్లుడికి సిరిమాను ముందు రోజు నుంచీ దగ్గట. తాతయ్య పక్కలోనే పడుకున్నాడు.

నాగావళి గట్టు
సోమవారం రాత్రి 9:30

బాబూ, నిన్న తేలిగ్గా మాట్లాడాను, మనసులో పెట్టుకోకు. నాకూ 66, షుగరుంది. ఆ ఫ్లూ టీకా అంటారు కదా, అది పనిచేస్తుందా? ఒకసారి వేయించుకుంటే సరిపోతుందా?

రాత్రి డ్యూటీ
మంగళవారం ఉదయం 7:10

ఏటా వేయించుకోవాలండీ. వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది, అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు ఏ రకాలు పెట్టాలో చెబుతుంది. వేయించుకున్నా ఫ్లూ రావచ్చు, కానీ ఆసుపత్రి దాకా వెళ్లే అవకాశం తగ్గుతుంది. పట్టు రావడానికి రెండు వారాలు పడుతుంది. మన దగ్గర వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య ఒకసారి ఫ్లూ పెరుగుతుంది కాబట్టి వానలకి ముందే వేయించుకోవడం మేలు, ఆలస్యమైతే ఇప్పుడైనా సరే. ప్రభుత్వం అందరికీ ఉచితంగా ఇచ్చే టీకాల్లో ఇది లేదు. బయట నాకు రెండు వేలకి దగ్గరైంది. ఫ్రిజ్‌లోంచి తీసిచ్చారో లేదో చూడండి. తొమ్మిదేళ్లలోపు పిల్లలకి మొదటిసారి అయితే నెల ఎడంతో రెండు డోసులు. పనిలో పనిగా నిమోనియా టీకా గురించి కూడా మీ షుగరు డాక్టరుని అడగండి.

ఉద్దానం కుర్రాడు
శనివారం సాయంత్రం 6:40

నిన్న ఇంటికొచ్చాం. క్రియాటినిన్ 2.1. పాత 1.9కి వస్తుందో లేదో మూడు వారాల తర్వాత చూద్దామన్నారు. నాన్న మూడు రోజులుగా చోడి అంబలి తప్ప ఏదీ ముట్టలేదు, ఇవాళ చేపల పులుసు అడిగారు. అమ్మ మొహం అప్పుడు చూడాలి.

మావయ్యగారు చెప్పినట్టు అట్టముక్క మీద "నొప్పి సూదులు, నొప్పి మాత్రలు వద్దు, కిడ్నీ ఉంది" అని పెద్దగా రాసి క్యాలెండరు పక్కన మేకుకి తగిలించాను. పొద్దున్న ఆర్‌ఎంపీ గారు పలకరింపుకి వచ్చారు. అది రెండుసార్లు చదివారు. "నాకు ముందే చెప్పొద్దేటి?" అన్నారు అమ్మతో. అమ్మ, "నువ్వడిగినావేటి?" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు ఆ అట్టముక్కని ఫోన్లో ఫొటో తీసుకున్నారు. మా వీధిలో ఇంకెవరెవరికి కిడ్నీ ఉందో నన్నే అడిగి రాసుకుని వెళ్లారు, పదకొండు పేర్లు వచ్చాయి.